ఎన్‌ఆర్‌ఎక్స్‌ఎన్1 డిలీషన్, మేనరికం, తల్లికి తొమ్మిదో వారం: ముందు ఎవరికి ఏ టెస్టు?

అమలాపురం_స్పీచ్:
అందరికీ నమస్కారమండి. థెరపీకి వస్తున్న ఒక పిల్లాడి మైక్రోఅరే (క్రోమోజోముల్లో చిన్న ముక్కలు పోయాయో పెరిగాయో చూసే టెస్టు) రిపోర్టు గురించి అడుగుతున్నాను. వయసు మూడేళ్ళ ఎనిమిది నెలలు. నడక పద్దెనిమిదో నెలలో వచ్చింది. మాటలు ఐదారుకి మించవు, పిలిస్తే తిరగడు, చేతులు ఆడిస్తూ ఉంటాడు. ఫిట్స్ లేవు. మొదట కార్యోటైప్ (క్రోమోజోముల్ని మైక్రోస్కోపు కింద చూసే టెస్టు) చేయించారు, నార్మల్. తర్వాత మైక్రోఅరేలో ఈ లైను వచ్చింది:

ఎఆర్ఆర్[జీఆర్‌సీహెచ్37] 2పీ16.3(51012300_51276800)×1

పక్కనే "ఎన్‌ఆర్‌ఎక్స్‌ఎన్1, పాథోజెనిక్" అని రాశారు (న్యూరెక్సిన్-1 జీన్, జబ్బు తేగల మార్పు అని). తల్లిదండ్రులది మేనరికం. వాళ్ళిద్దరికీ ఇంకా ఏ టెస్టూ చెయ్యలేదు. తల్లికి ఇప్పుడు తొమ్మిదో వారం. "ఉమ్మనీరు తీయించేస్తే తేలిపోతుంది" అని ఎవరో చెప్పారట, వాళ్ళు ఆ తొందరలో ఉన్నారు. తల్లి వైపు దగ్గర చుట్టం ఒకరు స్కిజోఫ్రీనియాకి మందులు వాడుతున్నారు.

జీన్ పేరు కొట్టి వెతికితే ఆటిజం, స్కిజోఫ్రీనియా, ఫిట్స్, టూరెట్, పిట్-హాప్కిన్స్ లాంటి సిండ్రోమ్ అన్నీ ఒకేచోట వస్తున్నాయి. వీటిలో ఈ పిల్లాడిది ఏది? కడుపులో బిడ్డ సంగతి ఎక్కడ మొదలుపెట్టాలి?

క్యూపీసీఆర్_పంతులు:
ముందు ఆ లైను చదువుదామండి. మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది.

×1 అంటే అక్కడ రెండు కాపీలు ఉండాల్సింది ఒకటే ఉందని. ఇలా ముక్క పోవడాన్నే డిలీషన్ అంటాం. బ్రాకెట్లో రెండు అంకెలు ఆ ముక్క మొదలు, చివర. తీసేస్తే 2 లక్షల 64 వేల అక్షరాలు. కార్యోటైప్‌లో దాదాపు 50 లక్షలకి తక్కువ ముక్క పోతే కంటికి ఆనదు. అందుకే అది నార్మల్ వచ్చింది, దాంట్లో ల్యాబు తప్పు లేదు.

ఇక్కడ జనం పొరబడేది రెండుచోట్ల. ఒకటి, జీనోమ్ వెర్షను, అంటే ఆ అంకెలు ఏ పటం ప్రకారం రాశారన్నది. మీ రిపోర్టు 37వ వెర్షను, అంటే హెచ్‌జి19. అందులో ఈ జీన్ రెండో క్రోమోజోమ్ మీద 5,01,45,643 నుంచి 5,12,59,674 దాకా ఉంటుంది. 38వ వెర్షనుకి వెళితే మొత్తం జీన్ సుమారు 2 లక్షల 27 వేలు కిందికి జరుగుతుంది. మీ అంకెల్ని తీసుకెళ్ళి 38 బ్రౌజర్‌లో కొట్టారనుకోండి, డిలీషన్ జీన్ అంచుకి ఓ 20 వేల మేర మాత్రమే తగిలి, మిగతాదంతా బయట ఖాళీలో పడినట్టు కనిపిస్తుంది. "ఇదేం లేదండి" అని ఇంటికి పంపించేసే ప్రమాదం అక్కడుంది.

రెండోది, ఈ జీన్ మైనస్ స్ట్రాండ్ మీద ఉంది. అంటే కుడి నుంచి ఎడమకి చదవాలి, పెద్ద అంకె వైపు మొదలు. మీ పిల్లాడి డిలీషన్ పెద్ద అంకె దాటి పోయింది కాబట్టి ప్రోటీన్ పొడుగు రూపమైన ఆల్ఫా ప్రమోటరూ (జీన్ చదవడం మొదలయ్యే చోటు), దాని వెంట ఉన్న మొదటి ఎక్సాన్లూ (ప్రోటీన్ కోడ్ ఉండే ముక్కలు) పోయాయి. పొట్టిదైన బీటా రూపానికి ప్రమోటరు వేరే, అది 5,05,70,000 ప్రాంతంలో ఉంటుంది, దానికి ఏమీ కాలేదు. ల్యాబు పాథోజెనిక్ అనడం సబబే. మిగిలిన ఒక్క కాపీ సరిపోదన్న దానికి క్లిన్‌జెన్ (జీన్లకీ జబ్బులకీ ఉన్న సంబంధానికి రుజువులు తూచే సంస్థ) ఈ జీన్‌కి ఇచ్చిన స్కోరు 3, వాళ్ళ కొలతలో అదే పైది.

ఇదే జీన్‌లో ఎక్సాన్ ఏదీ తగలకుండా ఇంట్రాన్ (రెండు ఎక్సాన్ల మధ్య భాగం) మాత్రమే పోయిన రిపోర్టులు చాలా వస్తాయి, ముఖ్యంగా ఐదో ఇంట్రాన్‌లో. మామూలు జనంలోనూ అవి ఉంటాయి. వాటిని, దీన్ని ఒకే గాటన కట్టొద్దు.

ఇంకోమాట. ఈసారి అంకెలు మాత్రమే పెట్టారు, బావుంది. రిపోర్టు ఫొటో పెట్టేవాళ్ళు ల్యాబు నంబరు, పుట్టినరోజు చెరిపి పెట్టండి.

గౌతమి_కౌన్సెలర్:
మేనరికం అన్నారు గానీ ఏ మేనరికమో చెప్పలేదు. మావయ్య కూతురా, మేనత్త కూతురా, లేక సొంత మేనమామేనా? లెక్క దాన్ని బట్టి సగానికి సగం మారుతుంది.

అమలాపురం_స్పీచ్:
సొంత మేనమామేనండి. ఆమె తల్లికి ఆయన స్వయానా తమ్ముడు.

గౌతమి_కౌన్సెలర్:
అయితే వినండి. ఈ జీన్‌తో వచ్చేవి రెండు వేరువేరు సంగతులు, నెట్‌లో కలగాపులగం అయ్యాయి.

ఒక కాపీ పోవడం ఒకటి. ఇది రిస్కు పెంచుతుంది, జబ్బుని ఖాయం చెయ్యదు. ఎక్కువ కుటుంబాల్లో ఇది ఏ ఇబ్బందీ లేని తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుంది. ఎక్సాన్ తగిలే డిలీషన్ స్కిజోఫ్రీనియా ఉన్న పదివేల మందిలో ఓ పదిహేను ఇరవై మందికి దొరుకుతుంది, లేనివాళ్ళలో పదివేలకి రెండు నుంచి నలుగురికి. 2014లో వేసిన ఒక లెక్క ప్రకారం ఈ డిలీషన్ ఉన్న నూరు మందిలో స్కిజోఫ్రీనియా వచ్చేది ఆరుగురికి, ఎదుగుదల ఆలస్యం, ఆటిజం లాంటివి వచ్చేది పాతిక మందికి. మిగతావాళ్ళు మన మధ్యనే పొలాలు చేసుకుంటూ, బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ ఉంటారు.

రెండు కాపీలూ పోవడం ఇంకొకటి. అదే పిట్-హాప్కిన్స్ లాంటి సిండ్రోమ్-2. తీవ్రమైన బుద్ధిమాంద్యం, మాట దాదాపు రాకపోవడం, ఫిట్స్, ఉన్నట్టుండి రొప్పడం, మలబద్ధకం. ఇది రిసెసివ్ (రెండు కాపీలూ చెడితేనే వచ్చేది), మేనరికంలో భయపడాల్సింది దీనికే. మీ పిల్లాడికి ఒక కాపీ ఉంది కాబట్టి డిలీషన్ రెండువైపులా రాలేదు.

ఇప్పుడు కడుపులో బిడ్డ. ఇద్దరిలో ఒకరి దగ్గర ఈ డిలీషన్ ఉందనుకుందాం. మేనమామ-మేనకోడలు కాబట్టి రెండోవాళ్ళ దగ్గరా అదే ముక్క ఉండే అవకాశం నాలుగో వంతు. ఇద్దరికీ ఉంటే బిడ్డకి రెండు కాపీలూ పోయే అవకాశం మళ్ళీ నాలుగో వంతు. రెండూ గుణిస్తే పదహారింట ఒకటి. మావయ్య కూతురో మేనత్త కూతురో అయితే మొదటిది ఎనిమిదో వంతు అయ్యేది, మొత్తం ముప్పై రెండింట ఒకటి. పిల్లాడికి ఒకటే పోయిందన్న సమాచారం వల్ల ఈ అంకె మారదు. ఒకరే క్యారియరైనా (డిలీషన్ మోస్తున్నా), ఇద్దరూ క్యారియర్లైనా ఒక కాపీతో పుట్టే అవకాశం సగమే కదా.

ఆ పదహారింట ఒకటిని తేల్చేది ఉమ్మనీరు కాదండి, తల్లిదండ్రుల రక్తం. ఇద్దరికీ టెస్టు చేస్తే మూడు దారులు.

ఒకరికే ఉంటే: ప్రతి కాన్పులోనూ ఒక కాపీ డిలీషన్ వచ్చే అవకాశం సగం. రెండువైపులా డిలీషన్ వచ్చే భయం దాదాపు పోయినట్టే. ఇక్కడ ఉమ్మనీరు తీస్తే "ఉంది" లేదా "లేదు" అని వస్తుంది, "ఉంది" అని వస్తే ఏం చేస్తారు? ఆ బిడ్డ ఎలా ఉంటాడో ఆ టెస్టు చెప్పదు. అది జాతకం కాదు. సూది పడకముందే ఈ ప్రశ్న ఆ దంపతుల ముందు పెట్టాలి, రిపోర్టు చేతికొచ్చాక కాదు.

ఇద్దరికీ ఉంటే: అప్పుడు కడుపులో బిడ్డకి టెస్టుకి గట్టి అర్థం ఉంది. కోరియాన్ ముక్క (మాయ నుంచి తీసే చిన్న నమూనా) 11 నుంచి 13 వారాల మధ్య, ఉమ్మనీరు 16 దాటాక.

ఇద్దరికీ లేకపోతే: పిల్లాడిలో కొత్తగా వచ్చింది. వీర్యంలోనో అండంలోనో మొజాయిక్‌గా (కొన్ని కణాల్లో మాత్రమే) దాగి ఉండొచ్చు కాబట్టి సున్నా అనం, నూటికి ఒకటి దగ్గర అని చెబుతాం.

తొమ్మిదో వారం కాబట్టి టైముంది. కానీ ఎక్కువ లేదు.

అమలాపురం_స్పీచ్:
మేడమ్, తండ్రికి ఉందని తేలితే ఇంట్లో "నీ వల్లే" అన్న గొడవ మొదలవుతుంది. అసలే ఆమె తరఫు, ఆయన తరఫు అంతా ఒకటే ఇల్లు.

గౌతమి_కౌన్సెలర్:
అందుకే రిజల్టు ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పాలి, ఫోన్లో కాదు, అత్తగారి ఎదురుగా అసలే కాదు. ఈ ముక్క ఏ ముత్తాత నుంచో దిగి వచ్చి ఉండొచ్చని ముందే బొమ్మ గీసి చూపిస్తే సగం గొడవ అక్కడే ఆగుతుంది. మందులు వాడుతున్న ఆ చుట్టానికి టెస్టు చెయ్యాలని మాత్రం పట్టుబట్టకండి. ఆయనకి ఉన్నా లేకపోయినా ఈ కాన్పు లెక్క మారదు. ఆయన అడిగితే చెయ్యొచ్చు.

వెసికిల్:
ఒకటే జీన్‌కి ఇన్ని జబ్బులేంటి అన్నదానికి జవాబు ఆ ప్రోటీన్ చేసే పనిలోనే ఉంది.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద వశిష్ఠ దాటినవాళ్ళకి తెలుసు. పంటు ఒడ్డుకి వచ్చాక రేవులో దిమ్మకి తాడు వేసి బిగించాలి, తలుపు సరిగ్గా రేవు మీదకి దిగాలి. అప్పుడే బళ్ళు ఎక్కుతాయి, దిగుతాయి. సినాప్స్ (రెండు నరాల కణాలు కలిసే చోటు) కూడా రెండు ఒడ్లు, మధ్యలో సుమారు 20 నానోమీటర్ల సందు. ఈ జీన్ తయారుచేసే న్యూరెక్సిన్ ఈ ఒడ్డు దిమ్మ, సందేశం పంపే కణం పొరలో పాతుకుని ఉంటుంది. అవతలి ఒడ్డున న్యూరోలిజిన్, ఎల్‌ఆర్‌ఆర్‌టీఎమ్ లాంటివి దాన్ని పట్టుకుంటాయి. చిన్నమెదడులో సెరెబెలిన్ అనే ప్రోటీన్ మధ్యలో తాడులా కూర్చుంటుంది. లోపలివైపు తోక కాస్క్ అనే ప్రోటీన్‌కి కట్టి ఉంటుంది.

ఇది దొరికిన తీరు కూడా విచిత్రమే. బ్లాక్ విడో సాలీడు విషంలోని ఆల్ఫా-లాట్రోటాక్సిన్ నరాల కణాల్లో దేన్ని పట్టుకుంటోందని వెతుకుతుంటే 1992లో థామస్ సుడాఫ్ బృందానికి న్యూరెక్సిన్ చిక్కింది. (ఆయనకి 2013లో నోబెల్ వచ్చింది గానీ అది వెసికిళ్ళు (సందేశం మోసే చిన్న సంచులు) సరిగ్గా సమయానికి ఎలా విడుదలవుతాయన్న పనికి. ఈ రెండూ కలిపేసి రాస్తుంటారు.)

జీన్ ఒకటే, దాదాపు 11 లక్షల అక్షరాలు, మనిషి జీన్లలో పెద్దవాటిలో ఒకటి. ఆరుచోట్ల స్ప్లైసింగ్ (ఎక్సాన్లని కలిపి కుట్టే తీరు) మారుతుంది కాబట్టి ఒక్క ఆల్ఫా నుంచే వెయ్యికి పైగా రూపాలు రాగలవు. ఏ రూపమైతే అవతలి ఒడ్డున ఏ జోడీ దొరుకుతుందో దాన్ని బట్టి ఆ సినాప్స్ స్వభావం. మెదడులో ఒకచోట ఒక రూపం, ఇంకోచోట ఇంకోటి. ఒకే లోటు ఒకరిలో మాటగా, ఒకరిలో ఫిట్స్‌గా, ఇంకొకరిలో ఇరవయ్యేళ్ళకి భ్రమలుగా బయటపడటంలో నాకైతే ఆశ్చర్యం లేదు.

జనం ఎక్కువగా తప్పు చెప్పేది ఇంకోటి: "ఈ జీన్ పోతే సినాప్సులు తయారవ్వవు". అలా కాదు. మూడు న్యూరెక్సిన్ జీన్ల ఆల్ఫా రూపాల్నీ తీసేసిన ఎలకల మీద 2003లో వచ్చిన పనిలో సినాప్సులు తయారయ్యాయి, కాల్షియం చానెళ్ళు సరిగ్గా పనిచెయ్యక న్యూరోట్రాన్స్‌మిటర్ (సందేశం మోసే రసాయనం) విడుదల పడిపోయింది. 2015లో మనిషి మూలకణాల నుంచి పెంచిన న్యూరాన్లలో ఒక్క కాపీ మాత్రమే చెడగొట్టి చూశారు. సినాప్సుల సంఖ్య తగ్గలేదు, విడుదలయ్యే న్యూరోట్రాన్స్‌మిటర్ తగ్గింది, కాస్క్ పెరిగింది. రేవులు ఉన్నాయి, ట్రిప్పులు తగ్గాయి. ఎలకల్లో ఒక కాపీ తీస్తే ఈ తేడా అలా పట్టుబడలేదు. మందుల పరిశోధన ఇక్కడ నెమ్మదిగా నడవడానికి అదొక కారణం.

పిల్లల_న్యూరో_కాకినాడ:
పైన అందరూ డిలీషన్ గురించి చెప్పారు, నేను పిల్లాడి గురించి చెబుతాను.

"కారణం దొరికింది" అని ఫైలు మూసెయ్యకండి. మేనమామ సంబంధంలో పుట్టిన బిడ్డకి సగటున జీనోమ్‌లో ఎనిమిదో వంతు రెండువైపులా ఒకేలా ఉంటుంది. నూటికి పన్నెండున్నర వంతులు. ఆ భాగంలో ఏదో వేరే రిసెసివ్ జబ్బు కూర్చుని ఉండి, ఈ డిలీషన్ పక్కన నిలబడ్డ సాక్షి మాత్రమే అయి ఉండొచ్చు. మీ మైక్రోఅరే ఎస్‌ఎన్‌పీ రకమైతే (రెండు కాపీలూ ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూసేది) ఒకేలా ఉన్న భాగాల పట్టిక చివరి పేజీలో ఉంటుంది, అడిగి తీసుకోండి. ఆ రకం కాకపోతే అసలు కనిపించదు.

కాబట్టి పిల్లాడికి ఎక్సోమ్ (జీన్లలో ఎక్సాన్లని అక్షరం అక్షరం చదివే టెస్టు) చేయించాలి. ఫారమ్‌లో రెండు మాటలు చేత్తో రాయండి: మేనరికం అని ఒకటి, న్యూరెక్సిన్-1 రెండో కాపీలో చిన్న మ్యుటేషన్ ఉందేమో ప్రత్యేకంగా చూడమని ఇంకోటి. మైక్రోఅరే ముక్క పోవడాన్ని చూస్తుంది గానీ ఒక అక్షరం మారితే చూడదు. రెండో కాపీ అలా చెడి ఉంటే పిల్లాడిది పిట్-హాప్కిన్స్ లాంటిదే అవుతుంది, కడుపులో బిడ్డ లెక్క కూడా మారిపోతుంది. పద్దెనిమిది నెలలకి నడిచాడు, ఫిట్స్ లేవు కాబట్టి నాకు ఆ అనుమానం తక్కువే, కానీ వదలను. ఎక్సోమ్‌కి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అందుకే తల్లిదండ్రుల రక్తంతో పాటే ఈరోజే పంపాలి. ఫ్రాజైల్ ఎక్స్ (బుద్ధిమాంద్యం తెచ్చే ఇంకో జన్యు జబ్బు) ఈ రెంటిలోనూ సరిగ్గా తేలదు, దానికి వేరే టెస్టు.

మీ గదిలో మీరే చూడగలిగేవి: తల చుట్టుకొలత టేపుతో కొలిచి రాసుకోండి. కూర్చున్న పిల్లాడు ఉన్నట్టుండి గబగబా రొప్పి, తర్వాత కాసేపు ఊపిరి బిగబడితే వీడియో తీయమనండి. మలబద్ధకం ఎన్నిరోజులకోసారి అని అడగండి. బేరా టెస్టుతో వినికిడి చూడకుండా మాట గురించి ఏదీ తేల్చొద్దు. ఈ జీన్‌కి చెవుడుతో సంబంధం లేదు గానీ మేనరికానికి ఉంది.

ఈఈజీ నిద్రలో ఒకసారి చేయించడం మంచిదే. ఈఈజీ గీతల్లో తేడా ఉన్నా ఫిట్స్ రానంతవరకు వాల్‌ప్రోయేట్ (ఫిట్స్ మందు) మొదలుపెట్టను. ఎమ్మారై సాధారణంగా నార్మల్‌గానే వస్తుంది, దానికోసం మత్తు ఇచ్చే తొందర లేదు.

జీన్‌ని సరిచేసే మందు ఇప్పుడు లేదు. స్టెమ్ సెల్ పేరుతో లక్షలు అడిగేవాళ్ళు వస్తారు. ఆటిజంకి దాన్ని ఐసీఎమ్ఆర్ మార్గదర్శకాలు ఒప్పుకోవు. ఆ డబ్బు థెరపీ గంటలకి పెట్టమనండి. సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, నేషనల్ ట్రస్టు వారి నిరామయ కింద లక్ష రూపాయల దాకా వైద్య బీమా, ఈ మూడింటికీ జీన్ రిపోర్టు అక్కర్లేదు, ఇప్పుడే పెట్టుకోవచ్చు.

అమలాపురం_స్పీచ్:
ఆయ్, అర్థమైందండి. తల్లిదండ్రులకి మళ్ళీ మైక్రోఅరేనే పంపాలా? ఖర్చుకి వెనకాడుతున్నారు.

క్యూపీసీఆర్_పంతులు:
అక్కర్లేదండి. ముక్క ఎక్కడ పోయిందో తెలుసు కదా, ఆ చోటుకి మాత్రమే క్యూపీసీఆర్ (అక్కడ ఎన్ని కాపీలున్నాయో లెక్కపెట్టే టెస్టు) చాలు. వారం పది రోజుల్లో వస్తుంది. కానీ ల్యాబుని ఈ ప్రశ్నలు అడగండి.

పోయిన ముక్క లోపల ఎన్నిచోట్ల ప్రైమర్లు (కాపీ చెయ్యడం మొదలుపెట్టించే చిన్న డీఎన్ఏ ముక్కలు) వేస్తారు? మూడు చోట్ల వెయ్యాలి, ముక్క బయట అటొకటి ఇటొకటి. ఒకేచోట వేస్తే, ప్రైమర్ కింద ఒక అక్షరం తేడా ఉన్నా ఆ కాపీ పెరగదు, లేని డిలీషన్ ఉన్నట్టు వస్తుంది. మూడు చోట్లా సగమే వస్తే అది నిజం. పిల్లాడి డీఎన్ఏ అదే ప్లేటులో పాజిటివ్‌గా ఉండాలి, పక్కన నార్మల్ మనిషిది ఒకటి. ప్రతి నమూనా మూడు బావుల్లో. రెండు కాపీలకి నిష్పత్తి 1.0, ఒక కాపీకి 0.5. పీసీఆర్ సైకిళ్ళలో (డీఎన్ఏ రెట్టింపయ్యే విడతల్లో) చూస్తే కచ్చితంగా ఒకటి తేడా. 0.7 వచ్చిందంటే అది ఎటూ కాదు. చాలాసార్లు డీఎన్ఏలో ఉప్పు మిగలడమో, తండ్రిది ఒక కిట్టుతో పిల్లాడిది ఇంకో కిట్టుతో తీయడమో కారణం. అలాంటప్పుడు "బహుశా నార్మల్" అని రాయించుకోవద్దు, మళ్ళీ డీఎన్ఏ తీయమనండి.

గౌతమి_కౌన్సెలర్:
ఒకవేళ ఇద్దరికీ ఉండి కడుపులో బిడ్డ టెస్టు దాకా వెళితే మరిచిపోకూడనివి: పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ) చట్టం కింద రిజిస్టరైన సెంటరే కావాలి, సమ్మతి పత్రం తెలుగులో చదివి సంతకం చెయ్యాలి, ఆడా మగా చెప్పరు. తల్లి రక్తం కూడా వెంట పంపాలి, తల్లి కణాలు కలిస్తే రిజల్టు తప్పుతుంది. తల్లి ఆర్‌హెచ్ నెగిటివ్ అయితే సూది తర్వాత యాంటీ-డి ఇంజక్షన్. ఇక 2021 సవరణ తర్వాత చట్టంలో గర్భస్రావానికి 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, 20 నుంచి 24 దాకా నిర్ణయించిన కేటగిరీలకి ఇద్దరివి కావాలి. 24 దాటితే మెడికల్ బోర్డు, అదీ తీవ్రమైన లోపం ఉంటేనే. ఉమ్మనీరు కణాల్ని కల్చర్ చెయ్యాల్సి వస్తే రెండు వారాలు పోతాయి, వారాలు లెక్కేసుకోండి.

అమలాపురం_స్పీచ్:
రేపు రక్తం తీయిస్తున్నానండి, ఇద్దరికీ, పిల్లాడికీ. కలెక్షన్ సెంటర్ వాళ్ళు ఆకుపచ్చ మూత ట్యూబు అంటున్నారు, మొన్న కార్యోటైప్‌కి అదే వాడారట.

క్యూపీసీఆర్_పంతులు:
వద్దు. ఆకుపచ్చ మూతలో హెపారిన్ ఉంటుంది, అది పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. ఊదా మూత, ఈడీటీఏ. పెద్దవాళ్ళకి 3 మిల్లీలీటర్లు, పిల్లాడికి 2. తీసిన వెంటనే ట్యూబుని ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి, గిలకొట్టకూడదు. లేకపోతే గడ్డకడుతుంది. పేర్లు ట్యూబు మీదే రాయించండి, మూత మీద కాదు. ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు, మూతలు మారితే అంతే సంగతులు. ఫ్రీజర్‌లో పెట్టొద్దు. ఈ ఎండల్లో బండి డిక్కీలోనూ వద్దు, ఐస్ ప్యాకు పక్కన గుడ్డ చుట్టి థర్మోకోల్ పెట్టెలో పెట్టండి, ట్యూబు ఐసుకి తగలకూడదు. రేపు గురువారం కదా, సాయంత్రం బస్సుకే వెయ్యండి. శుక్రవారం దాటితే ఆదివారమంతా కొరియర్ గోడౌన్‌లో ఉడుకుతుంది.